వడ్డీ వెనక్కి ఇచ్చారు సరే, ఆ డబ్బుకి ట్యాక్స్ ఉందా?

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల ఉత్తరాలన్నీ ట్యాక్స్ చుట్టూనే తిరుగుతాయి. ఈసారి చిత్రంగా ఎక్కువమంది ఒకే గడి గురించి అడిగారు, అది ఫారం 1098లోని బాక్స్ 4. ఇంటి లోన్ కంపెనీ ఏటా జనవరి నెలాఖరుకి పంపే కాగితమే ఈ 1098. మామూలుగా అందులో బాక్స్ 1 దగ్గరున్న వడ్డీ అంకె చూసుకుని మిగతాదంతా వదిలేస్తాం, బాక్స్ 4 ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి. అక్కడ అంకె కనిపించిందంటే, అంతకుముందు సంవత్సరాల్లో మీ దగ్గర ఎక్కువ పట్టుకున్న వడ్డీని ఆ కాగితం ఏ ఏడాదిదో ఆ ఏడాదిలో మీకు తిరిగి ఇచ్చారన్నమాట. 2025 రిటర్న్‌కి 2026 ఏప్రిల్ 15 గడువు, టైం ఎక్కువ లేదు, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు): నమస్తే అండీ. 2024లో మా ఇంటి లోన్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారింది. ఆ మారే టైంలో మేం లోన్ అసలు (ప్రిన్సిపల్) కింద అదనంగా కట్టిన డబ్బుని సరైన తేదీకి జమ వేయలేదు, దాంతో నెలల తరబడి వడ్డీ ఎక్కువ పడింది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి 2025 మే నెలలో 2,436 డాలర్ల చెక్కు పంపారు. ఇప్పుడు వచ్చిన 1098లో బాక్స్ 1లో 17,900, బాక్స్ 4లో 2,340 ఉన్నాయి. బాక్స్ 1లోంచి 2,340 తీసేసి మిగతాది వేస్తే సరిపోతుందని మావారు, కాదు 2024 రిటర్న్‌నే సవరించి 1040-ఎక్స్ వేయాలని మా తోడికోడలు. 2024లో మేం షెడ్యూల్ ఎ (ఖర్చులు విడివిడిగా చూపించే, అంటే ఐటమైజ్ చేసే ఫారం) వేశాం: వడ్డీ 19,400, ప్రాపర్టీ ట్యాక్స్ 11,800 కట్టినా రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితి వల్ల 10,000, గుడికీ ఇతర విరాళాలకీ 1,500. 2025లో ప్రాపర్టీ ట్యాక్స్, విరాళాలు అంతే, కానీ వడ్డీ తగ్గింది కాబట్టి స్టాండర్డ్ డిడక్షనే (ఖర్చులు చూపకుండానే వచ్చే స్థిరమైన తగ్గింపు) తీసుకుందాం అనుకుంటున్నాం. అలాంటప్పుడు ఈ 2,340 అసలు చూపించాలా? చెక్కుకీ బాక్స్ 4కీ 96 డాలర్ల తేడా ఏమిటి?

జవాబు: మీ వారూ కరెక్ట్ కాదు, మీ తోడికోడలూ కరెక్ట్ కాదు. ఇద్దరికీ నచ్చేలా చెప్పే మార్గం నాకు కనిపించలేదు, ఏమనుకోకండి.

ముందు తోడికోడలి మాట చూద్దాం. 2024లో మీరు ఆ వడ్డీ నిజంగానే కట్టారు, కట్టినదే క్లెయిమ్ చేశారు, కాబట్టి ఆ రిటర్న్‌లో తప్పు లేదు. 1098 కాగితం మీద బాక్స్ 4 గురించి రాసి ఉండే సూచనల్లోనే పాత రిటర్న్‌లు సవరించాల్సిన అవసరం లేదని స్పష్టంగా ఉంటుంది. (ఒక్క తేడా గుర్తుంచుకోండి: లోన్ కంపెనీ 2024 కాగితాన్నే సరిదిద్ది, పైన ‘కరెక్టెడ్’ అని గుర్తు పెట్టి మళ్లీ పంపితే అది వేరే కథ. అప్పుడు మీరు కట్టని వడ్డీని కట్టినట్టు మొదటి కాగితం చూపించిందేమో చూడాలి, అలా అయితే 1040-ఎక్స్ వేయాల్సిందే.)

ఇక మీ వారి పద్ధతి. బాక్స్ 1లో ఉన్నది 2025లో మీరు కట్టిన వడ్డీ, బాక్స్ 4లో ఉన్నది అంతకుముందు కట్టిన వడ్డీలోంచి తిరిగొచ్చింది. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తీసివేత చేయాలనిపిస్తుంది, కానీ చేయకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా తిరిగే సలహా కూడా ఇదే, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

అసలు సూత్రం ఇది. ఒక ఏడాది ఏదో ఖర్చు చూపించి ట్యాక్స్ తగ్గించుకున్నారు, తర్వాత ఆ ఖర్చులో కొంత తిరిగొచ్చింది, అప్పుడు ఆ వచ్చినదాంట్లో ఏ మేరకు మీకు ట్యాక్స్ తగ్గిందో ఆ మేరకే, అది చేతికొచ్చిన ఏడాది ఆదాయంగా చూపించాలి. ట్యాక్స్ తగ్గలేదా, చూపించనక్కర్లేదు. కాబట్టి బాక్స్ 4 కనిపించగానే మీరు తెరవాల్సింది ఈ ఏడాది రిటర్న్ కాదు, ఆ వడ్డీ కట్టిన ఏడాదిది. 2025లో మీరు స్టాండర్డ్ తీసుకున్నా, ఐటమైజ్ చేసినా ఈ 2,340 లెక్క మారదు. 2024లో ఏం చేశారన్నదే ముఖ్యం.

2024లో మీ షెడ్యూల్ ఎ మొత్తం 19,400 + 10,000 + 1,500, అంటే 30,900. భార్యాభర్తలు కలిసి వేసే రిటర్న్‌కి ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 29,200. షెడ్యూల్ ఎ వేసే శ్రమ పడకుండా ఊరుకున్నా ఆ 29,200 ఎలాగూ వచ్చేది. అంటే ఐటమైజ్ చేయడం వల్ల మీకు అదనంగా కలిసొచ్చింది 1,700 మాత్రమే. తిరిగొచ్చింది 2,340, కలిసొచ్చింది 1,700, ఈ రెండిట్లో ఏది తక్కువో అదే ఆదాయం. కాబట్టి చూపించాల్సింది 1,700, మిగతా 640కి ట్యాక్స్ లేదు. 22 శాతం స్లాబులో ఉంటే మీకు పడేది 374 డాలర్లు. మీ వారి పద్ధతిలో 2025కి ఐటమైజ్ చేస్తే డిడక్షన్ మొత్తం 2,340 తగ్గేది, అంటే 640 మీద ఊరికే ట్యాక్స్ కట్టినట్టు. స్టాండర్డ్ తీసుకుంటే బాక్స్ 1లోంచి ఏం తీసినా రిటర్న్‌లో ఏమీ మారదు, అప్పుడు 1,700 ఆదాయం అసలు చూపించనట్టే అయ్యేది.

ఈ 1,700 షెడ్యూల్ 1లో 8జెడ్ లైన్‌లో వేయాలి. అది ‘ఇతర ఆదాయం’ లైను, పక్కన వివరం రాసే చోటు ఉంటుంది, అక్కడ మార్ట్‌గేజ్ వడ్డీ రీఫండ్ అని రాయండి. అదే షెడ్యూల్లో లైన్ 1 ఉంటుంది, అది స్టేట్ ట్యాక్స్ రీఫండ్‌కి, అక్కడ వేయకండి. సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఇతర ఆదాయం అనగానే ఇది వ్యాపారం వల్ల వచ్చిందా అని అడగొచ్చు. కాదు అనండి, లేకపోతే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా తగిలిస్తుంది.

96 డాలర్లు ఏమిటంటారా? చెక్కుతో పాటు వచ్చిన ఉత్తరం తీసి చూడండి. మీ డబ్బు ఇన్నాళ్లూ వాళ్ల దగ్గర ఉన్నందుకు కట్టిచ్చిన వడ్డీ అయ్యుంటుంది అది. ఉత్తరంలో అలాగే ఉంటే అది రీఫండ్ కాదు, మీకొచ్చిన వడ్డీ ఆదాయం. బ్యాంకు సేవింగ్స్ వడ్డీ ఎక్కడ వేస్తారో అక్కడే, 1040లో 2బి లైన్‌లో వేయాలి. దీనికి 1099-ఇంట్ (వడ్డీ ఆదాయం చూపే కాగితం) రావచ్చు, రాకపోయినా చూపించాల్సిందే. దీనికి పైన చెప్పిన 1,700 పరిమితితో సంబంధం లేదు.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. 2025కి స్టాండర్డ్ అని అంత తొందరగా తేల్చేయకండి. 17,900 వడ్డీ, 11,800 ప్రాపర్టీ ట్యాక్స్, 1,500 విరాళాలు కలిపితే 31,200, స్టాండర్డ్ ఏమో 31,500, అందుకే 300 తక్కువైందని వదిలేసినట్టున్నారు. కానీ రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితి 2025కి 10,000 నుంచి 40,000కి పెరిగింది, మీ టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి దాని బదులు సేల్స్ ట్యాక్స్ వేసుకోవచ్చు. 2024లో ప్రాపర్టీ ట్యాక్స్‌తోనే పరిమితి నిండిపోయింది గనక సేల్స్ ట్యాక్స్ గురించి ఆలోచించే పని లేకపోయింది, ఇప్పుడు ఉంది. బిల్లులన్నీ దాచకపోయినా ఫర్వాలేదు, ఆదాయాన్ని, ఇంట్లో ఉన్నవాళ్లని బట్టి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ పట్టికలు ఇస్తుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో కాలిక్యులేటర్ ఉంది. అది కలిపితే మీరు 31,500 దాటే అవకాశం బాగా ఉంది.

ప్రశ్న (షార్లెట్, నార్త్ కరోలినా): మాకూ బాక్స్ 4లో 870 వచ్చింది. 2024లో మేం స్టాండర్డ్ డిడక్షనే తీసుకున్నాం. మరి మా సంగతి?

జవాబు: ఫెడరల్‌లో ఏమీ లేదండీ, హాయిగా ఉండండి. ఆ వడ్డీ వల్ల మీకు అప్పుడు పైసా ట్యాక్స్ తగ్గలేదు, కాబట్టి ఇప్పుడు చూపించాల్సిందీ లేదు. ఆ 870 నిజంగా 2024 వడ్డీలోదేనా, 2023లో ఐటమైజ్ చేసి ఉంటే అందులో కొంత ఆ ఏడాదిదా అన్నది మాత్రం కంపెనీ ఉత్తరం చూసి తేల్చుకోండి. రెండేళ్లకి కలిపి ఇచ్చి ఉంటే ఏ ఏడాది ముక్కకి ఆ ఏడాది లెక్క విడిగా వేయాలి. నార్త్ కరోలినా రిటర్న్‌కి కూడా ఇదే ప్రశ్న వేసుకోండి, ఎందుకంటే ఫెడరల్‌లో స్టాండర్డ్ తీసుకుని స్టేట్‌లో ఐటమైజ్ చేసేవాళ్లు అక్కడ ఉన్నారు. 1098 ఎంటర్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బాక్స్ 4 ఖాళీగా వదిలేయకండి, అంకె వేసి, ఆ ఏడాది ఐటమైజ్ చేశారా అని అడిగితే లేదు అని చెప్పండి. కాగితం ఒక కాపీ ఐఆర్‌ఎస్‌కి కూడా వెళ్తుంది. రేపు ఏదైనా నోటీసు వస్తే 2024 రిటర్న్ మొదటి రెండు పేజీలు జత చేసి జవాబిస్తే సరిపోతుంది.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): సార్, 2025 ఆగస్టులో రీఫైనాన్స్ చేశాను, అంటే కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చేశాను. పాత కంపెనీ నుంచి రెండు చెక్కులు వచ్చాయి. ఒకటి 380 డాలర్లు, ‘వడ్డీ రీఫండ్’ అని ఉంది. రెండోది 4,215, ‘ఎస్క్రో’ అని ఉంది. పాత కంపెనీ 1098లో బాక్స్ 4 ఖాళీ. రెండు కంపెనీల నుంచి రెండు 1098లు వచ్చాయి. టెన్షన్‌గా ఉంది, ఈ 4,595కీ ట్యాక్స్ కట్టాలా?

జవాబు: కట్టక్కర్లేదు. రెండు చెక్కులూ రెండు వేర్వేరు సంగతులు, విడివిడిగా చూద్దాం.

4,215 మీ సొంత డబ్బు. నెలనెలా వాయిదాతో పాటు ప్రాపర్టీ ట్యాక్స్ కోసం, ఇన్సూరెన్స్ కోసం కట్టించుకుని ఎస్క్రో ఖాతాలో దాచినది, పాత లోన్ తీరిపోయాక మిగిలినది తిరిగిచ్చారు. లోన్ తీరిన 20 పనిదినాల్లోపు ఇచ్చేయాలని ఫెడరల్ నిబంధనే ఉంది. ఇది ఆదాయం కాదు, ఎక్కడా చూపించరు. ప్రాపర్టీ ట్యాక్స్ డిడక్షన్ కూడా మీరు ఎస్క్రోలో వేసినదాన్ని బట్టి కాదు, కంపెనీ ఆ ఏడాది నిజంగా టౌన్‌షిప్‌కి కట్టినదాన్ని బట్టే. దాన్ని చాలా కంపెనీలు 1098లో బాక్స్ 10లో రాస్తాయి, లేకపోతే ఏడాది చివర వచ్చే ఎస్క్రో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది.

380 సంగతి వేరే. రీఫైనాన్స్ చేసేటప్పుడు పాత లోన్ ఏ రోజుకి తీరుతుందో అంచనా వేసి, రోజుకింత వడ్డీ అని కలిపి ముందే తీసుకుంటారు. డబ్బు నాలుగు రోజులు ముందే చేరితే ఎక్కువ తీసుకున్న రోజుల వడ్డీ తిరిగిస్తారు, మీకు వచ్చింది అదే. కట్టింది 2025లో, తిరిగొచ్చిందీ 2025లోనే, కాబట్టి ఇది ఆదాయంగా రాదు, ఆ ఏడాది మీరు కట్టిన వడ్డీలోంచి తగ్గించుకుంటే చాలు. బాక్స్ 4 పాత ఏళ్ల వడ్డీ తిరిగిస్తేనే నింపేది, అందుకే మీది ఖాళీగా ఉంది. సాధారణంగా బాక్స్ 1లో ఈ తగ్గింపు ముందే చేసి ఉంటారు, అలా చేసి ఉంటే మీరు మళ్లీ తగ్గిస్తే నష్టం మీకే. ఎలా తెలుస్తుందంటే, జనవరి నుంచి ఆగస్టు దాకా నెలవారీ స్టేట్‌మెంట్లలో వడ్డీ కాలమ్ కూడండి, దానికి లోన్ మూసిన రోజు పేఆఫ్ కాగితంలో ఉన్న వడ్డీ కలపండి. వచ్చిన మొత్తం బాక్స్ 1 కంటే సరిగ్గా 380 ఎక్కువుంటే వాళ్లే తగ్గించేశారు. రెండూ సమానంగా ఉంటే మీరు తగ్గించాలి.

రెండు 1098లూ వేయండి, ఒకటి పాతదని వదిలేస్తే ఏడు నెలల వడ్డీ వదులుకున్నట్టే. న్యూజెర్సీ స్టేట్ రిటర్న్‌లో మార్ట్‌గేజ్ వడ్డీకి డిడక్షనే లేదు కాబట్టి అక్కడ ఈ గొడవంతా లేదు.

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): మా లోన్ పెద్దది, 2021లో కొన్నాం, 2024లో సగటు బాకీ మిలియన్ డాలర్లు ఉంది. వడ్డీ 30,000 కట్టాం, అయితే 7,50,000 పరిమితి వల్ల అంతా క్లెయిమ్ కాలేదు. 2025లో 1,600 తిరిగిచ్చారు, చెక్కు కూడా రాలేదు, లోన్ అసలులో తగ్గించేశారు. చేతికి రాని డబ్బుకి కూడా ట్యాక్సా? స్టేట్ రిటర్న్‌లో ఏం చేయాలి?

జవాబు: చేతికి రాకపోయినా వచ్చినట్టే లెక్క. మీ బాకీ 1,600 తగ్గింది కదా. చెక్కు ఇచ్చినా, అసలులో జమ వేసినా ఒకటే అని ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 936 స్పష్టంగా చెబుతుంది.

మీ ప్రశ్నలో అసలు రసం మాత్రం ఆ 7,50,000 దగ్గర ఉంది. 2017 డిసెంబర్ 15 తర్వాత తీసుకున్న లోన్లకి ఫెడరల్‌లో ఆ మేరకు బాకీ మీద వడ్డీకే డిడక్షన్. మీ సగటు బాకీ మిలియన్ అంటే నాలుగింట మూడు వంతుల వడ్డీ, 22,500 మాత్రమే వాడుకున్నారు. 1,600 ముందే తగ్గించి 28,400 కట్టి ఉంటే ఎంత వాడుకునేవారు? 21,300. తేడా 1,200. అంటే తిరిగొచ్చిన 1,600లో మీకు ట్యాక్స్ తగ్గించింది 1,200 మాత్రమే, మిగతా 400 అప్పుడే డిడక్షన్‌లోకి రాలేదు. ఇంకో మెట్టు: 22,500కి స్టేట్ ట్యాక్సుల 10,000 కలిపితే 32,500, స్టాండర్డ్ 29,200 కంటే 3,300 ఎక్కువ. 1,200 ఆ 3,300 లోపే ఉంది కాబట్టి మొత్తం 1,200 8జెడ్‌లోకి వెళ్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ నాలుగింట మూడు వంతుల సంగతి వాటంతటవి పట్టుకోవు, 1,600 మొత్తం ఎత్తి ఆదాయంలో వేసేస్తాయి. ప్రింట్ చేసే ముందు షెడ్యూల్ 1 ఒకసారి తెరిచి చూసుకోండి.

కాలిఫోర్నియా దారి వేరు. అక్కడ ఇంకా మిలియన్ డాలర్ల పాత పరిమితే, పైగా ప్రాపర్టీ ట్యాక్స్‌కి 10,000 అడ్డు కూడా లేదు. 2024లో దంపతులకి కాలిఫోర్నియా స్టాండర్డ్ డిడక్షన్ 11,080 మాత్రమే, ఇంటి లోన్ ఉన్న వాళ్లు దాదాపు అందరూ స్టేట్‌లో ఐటమైజ్ చేస్తారు. మీ 30,000 అక్కడ మొత్తం క్లెయిమ్ అయింది, కాబట్టి అక్కడ 1,600 పూర్తిగా ఆదాయం. ఫెడరల్‌లో 1,200 చూపించారు గనక మిగతా 400 కాలిఫోర్నియా రిటర్న్‌తో వేసే షెడ్యూల్ సిఎలో కలపాలి. ఫెడరల్‌లో స్టాండర్డ్ తీసుకున్న కాలిఫోర్నియా వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, పై షార్లెట్ జవాబు చదివి నాకేం లేదులే అనుకుంటే పొరపాటే, ఫెడరల్‌లో సున్నా అయినా స్టేట్‌లో మొత్తం పడొచ్చు.

ప్రశ్న (యాష్‌బర్న్, వర్జీనియా): 2024కి సంబంధించి 2025లో స్టేట్ ట్యాక్స్ రీఫండ్ 900, వడ్డీ రీఫండ్ 1,100 వచ్చాయి. ఐటమైజ్ చేయడం వల్ల మాకు స్టాండర్డ్ కంటే 1,500 ఎక్కువ వచ్చింది. 2,000 చూపించాలా, 1,500 చూపించాలా?

జవాబు: రెండూ కాదు, బహుశా 1,100. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ యాష్‌బర్న్‌లో ఇల్లుంటే మీ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్ కలిపి 10,000 పరిమితిని ఎప్పుడో దాటేసి ఉంటాయి. 900 కాదు, కొన్ని వేలు తక్కువ కట్టినా మీకు వచ్చేది అదే 10,000. అప్పుడు ఆ 900 వల్ల మీకు ట్యాక్స్ తగ్గలేదు, అది పక్కకి పోతుంది. మిగిలిన 1,100, మీ 1,500 లోపే ఉంది కాబట్టి మొత్తం 8జెడ్‌లో. ఒకవేళ పన్నులు పరిమితి దాటకపోయి ఉంటే రెండిటికీ కలిపి 1,500 దగ్గర ఆగిపోతుంది, దాన్ని 900, 1,100 నిష్పత్తిలో పంచి 675 లైన్ 1లో, 825 8జెడ్‌లో వేయాలి. పబ్లికేషన్ 525లో దీనికి వర్క్‌షీట్ ఉంది, ఓపిక ఉంటే చూడండి.

ప్రశ్న (ఆల్ఫారెటా, జార్జియా): మేం పాత ఇంటిని అద్దెకిచ్చాం. దాని లోన్ మీద 1,250 తిరిగొచ్చింది. మేం ఎప్పుడూ స్టాండర్డ్ డిడక్షనే కాబట్టి దీనికి ట్యాక్స్ లేదనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. అద్దె ఇంటి వడ్డీ షెడ్యూల్ ఇలో ఖర్చుగా వెళ్తుంది, అక్కడ స్టాండర్డ్ డిడక్షన్‌తో పోల్చి చూసే పనే లేదు. ఖర్చుగా రాసుకున్నదంతా వాడుకున్నట్టే, కాబట్టి సాధారణంగా 1,250 మొత్తం ఆ ఇంటి లెక్కలోనే ఆదాయంగా తిరిగి రావాలి. అంతమాత్రాన జేబులోంచి డబ్బు పోతుందని కాదు. ఇద్దరి జీతాలూ కలిపి 1,50,000 దాటితే అద్దె నష్టాలు జీతం మీద సర్దుకోనివ్వరు, అవి ఏటేటా కింద పేరుకుంటూ ఉంటాయి. మీకూ అలా పేరుకున్న నష్టం ఉంటే ఈ 1,250 దాంట్లోనే కొట్టుకుపోతుంది. ఆ నష్టాల లెక్క ఫారం 8582లో ఉంటుంది, చూడండి. ఇంకొకటి, ఏడాది మధ్యలో అద్దెకిచ్చి ఉంటే, మీరు ఉన్న నెలల వడ్డీ వాటా, అద్దె నెలల వాటా విడదీయాలి.

ప్రశ్న (ట్రాయ్, మిషిగన్): కొండాపూర్‌లో మాకు ఫ్లాట్ ఉంది, అమ్మానాన్న ఉంటున్నారు, అద్దె లేదు. అక్కడి బ్యాంకు లోన్ వడ్డీని మా సీపీఏ (అమెరికా అకౌంటెంట్) ఇక్కడ షెడ్యూల్ ఎలో చూపిస్తున్నారు. రెపో రేటు తగ్గినా మాకు సకాలంలో తగ్గించలేదని రాస్తే బ్యాంకు 42,000 రూపాయలు తిరిగి జమ చేసింది. 1098 లేదు, బాక్స్ 4 లేదు. వదిలేయొచ్చా?

జవాబు: కాగితం రాలేదని నియమం మారదు. ఇక్కడి కంపెనీలే 600 డాలర్ల లోపు రీఫండ్ అయితే బాక్స్ 4 నింపకపోవచ్చు, అయినా లెక్క చూసుకోవాల్సింది మనమే. ఇండియా బ్యాంకులు 1098 ఇవ్వవు కాబట్టి మీ వడ్డీ షెడ్యూల్ ఎలో 8బి లైన్‌లో వెళ్తూ ఉంటుంది. అలా చూపించడం సరైనదే. ఫ్లాట్ తాకట్టు మీద తీసుకున్న లోన్ అయి, అద్దెకివ్వకుండా ఉంచితే రెండో ఇల్లుగా చెల్లుతుంది, మీరు అందులో ఒక్క రోజు ఉండకపోయినా.

42,000 రూపాయలంటే ఐదు వందల డాలర్ల లోపే. అందులో ఏ ఏడాది వడ్డీ ఎంతో బ్యాంకుని అడిగి రాయించుకోండి, పాత ఏళ్ల వాటాకి పైన ఫ్రిస్కో వాళ్లకి చెప్పిన లెక్కే వేయండి, 2025లోనే కట్టి 2025లోనే వచ్చిన వాటా ఆ ఏడాది వడ్డీలోంచి తీసేయండి. డాలర్లలోకి మార్చేటప్పుడు జమ అయిన రోజు రేటో, ఐఆర్‌ఎస్ ప్రకటించే ఏడాది సగటు రేటో తీసుకోవచ్చు, వడ్డీకి ఏది వాడుతున్నారో దీనికీ అదే వాడండి. బ్యాంకు జమ వేసిన రోజు లోన్ స్టేట్‌మెంట్ పేజీ పీడీఎఫ్‌గా దింపి మీ సీపీఏకి పంపండి, ఉత్తరం కంటే ఆయనకి అదే పనికొస్తుంది. ఇండియా రిటర్న్‌లో అదే వడ్డీకి సెక్షన్ 24 కింద మినహాయింపు తీసుకుంటూ ఉంటే హైదరాబాద్‌లో మీ సీఏకి కూడా అదే పేజీ పంపండి.